పదకొండో పిడక

టన్నున్నర బరువున్న జంతువుకు ‘చిలక’ అని పేరు పెట్టిన మనిషెవరో కనబడితే నాలుగు మాటలు అడగాలనుకున్నాను, ఆ కేంద్రంలో అడుగుపెట్టిన రోజున. ఆ మనిషి నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఈనెల చీపురు, ఇంకో చేతిలో ఫినాయిలు బకెట్టు.

“పుట్టినపుడు సూడాల డాక్టరమ్మా. వాళ్లమ్మ కనబడకపోతే సాలు, కీచు కీచుమని ఒకటే అరుపు. సిలకే అనుకున్నాం,” అన్నాడు కూర్మయ్య. “అమ్మ పోయినకాడ్నుంచి నోరే ఇప్పదు.”

కంచె అవతల చిలక బురదగుంటలో పడుకుని ఉంది. మడతలు పడిన బూడిదరంగు చర్మం, ముక్కు మీద పొట్టి కొమ్ము, మా వైపు తిరిగిన ఒక చెవి. మమ్మల్ని చూసి ఒళ్లు కూడా కదపలేదు.

అది 2067. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట ఉత్తరాది గడ్డిమైదానాల్లో పుట్టిన ఒక జ్వరం ఖడ్గమృగాలను ఊడ్చుకుపోయింది. అంతకుముందు తరాలవాళ్లు వాటిని కొమ్ముల దొంగల నుంచి కాపాడుకొచ్చారు. అడవిలో కాపలా కాశారు, ఊళ్లవాళ్లను కలుపుకున్నారు, డ్రోన్లు తిప్పారు. అదంతా పనిచేసింది కూడా. కానీ జ్వరాన్ని తుపాకీతో ఆపలేం కదా. దేశం మొత్తానికి ముప్పై నాలుగు మిగిలాయి. వాటిలో పిల్లను కనగల ఆడవి నాలుగే. ఆ నాలుగింటిలో ఒకటి విజయనగరం అవతల, కొండల కింద, మా కేంద్రంలో ఉన్న ఈ చిలక.

చిలకకు మగ తోడంటే గిట్టదు. దూరం నుంచి ఎంతో కష్టపడి లారీలో తెచ్చిన బబ్లూ అనే మగదాన్ని రెండుసార్లు దాని దగ్గరికి వదిలారు. రెండోసారి కోరపళ్లతో వాడి డొక్క చీల్చేసింది. కుట్లు వేసిన పశువైద్యుడు ఇలియాస్‌గారు నన్ను పక్కకు పిలిచి స్కాను చూపించారు.

“గర్భసంచిలో గడ్డలు మొదలయ్యాయి, మేడమ్. కాన్పు లేని ఆడవాటికి ఇలాగే వస్తాయి. గాజునాళికల్లో పిండాలు చేసి పెట్టారు, ఒక్కటీ నిలవలేదు. ఈ వానాకాలం దాటితే ఇక చిలక మీద ఆశ వదులుకోవాల్సిందే.”

నేను వచ్చింది అందుకే. నాతోపాటు ఒక యంత్రం కూడా వచ్చింది. దానికి పెద్ద శాస్త్రీయనామం ఉంది గానీ కేంద్రంలో అందరూ దాన్ని ‘ముక్కు’ అనేవారు. వాషింగ్ మెషీనంత ఉంటుంది. దేన్నైనా పొడి చేసి దాని పొట్టలో వేస్తే, అందులో ఉన్న వేలకొద్దీ వాసనలను విడదీసి తెర మీద రంగులుగా చూపిస్తుంది. ఆ వాసననే సీసాల్లోంచి మళ్లీ కలిపి, తుంపరగా చల్లగలదు కూడా. అంటే, చదవగలదు, రాయగలదు. దాన్ని తయారుచేయడానికి నా జీవితంలో పదకొండేళ్లు పోయాయి, ఒక పెళ్లిసంబంధం కూడా పోయింది. రెండోదానికి నేనేం బాధపడలేదు.

ఖడ్గమృగాలు ఎక్కడపడితే అక్కడ పేడ వేయవు. ఒకచోట కుప్పగా వేస్తాయి. ఆ దారిన పోయే ప్రతిదీ అక్కడ ఆగి, వాసన చూసి, తనదీ కాస్త వేసి పోతుంది. నేను అడవి కుప్పల నమూనాలను ముక్కులో వేసి చూశాను. పొరలు పొరలుగా కబుర్లు ఉన్నాయి. ఎవరు వచ్చారు, ఆడా మగా, ఏ వయసు, ఎద మీద ఉందా లేదా, అన్నీ. అందులో నేను కనిపెట్టిన కొత్త సంగతి ఒకటి ఉంది. తల్లి ఎదకు వచ్చిన రోజుల వాసన, దాని మీద మగదాని జవాబు, మళ్లీ తల్లి వాసన. పిల్ల మూడేళ్లపాటు తల్లి వెనకాలే తిరుగుతూ ఈ సంభాషణను పీలుస్తుంది. మగ వాసన వస్తే భయపడక్కర్లేదని దానికి అలాగే తెలుస్తుంది. ఎవరూ చెప్పని పాఠం అది.

చిలక ఉండే చోట మట్టి తీసి ముక్కులో వేశాను. తెర మీద ఒకే ఒక రంగు వచ్చింది, ఫినాయిలుది.

కూర్మయ్య నా వెనకే నిలబడి చూస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా రోజూ తెల్లవారగానే పేడ ఎత్తి, నేలంతా ఫినాయిలుతో కడిగిన మనిషి. ఆయన గదిలో గోడకు పరిశుభ్రతకు ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి వేలాడదీసి ఉంది. జంతువుల కాళ్లకు జబ్బు రాకూడదని పైవాళ్లు చెప్పారు, ఆయన కడిగాడు. చెప్పినదానికంటే బాగా కడిగాడు. నాకు నోటి దురద ఎక్కువ. ఆలోచించకుండా నవ్వేశాను.

“ఇరవై రెండేళ్ల ఉత్తరాలు చదవకుండానే కడిగేశారు కదా, కూర్మయ్యగారూ!”

ఆయన నవ్వలేదు. బకెట్టు కింద పెట్టి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. మర్నాడూ రాలేదు. పేడ ఎత్తే చీపురు మేకుకి అలాగే వేలాడుతూ ఉంది. ఆ చీపురును చూసినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడోరోజు క్షమాపణ చెప్పుకుందామని వాళ్లింటికి వెళ్లాను. కేంద్రం వెనకే రెండు గదుల క్వార్టరు. కూర్మయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు.

“నేనలా అనకుండా ఉండాల్సింది,” అన్నాను.

“ఉన్నమాటే గదా అన్నారు. ఆ సంటిదాని నోట్లో మాట నానే తీసీసినట్టయినాది,” అన్నాడు. “కానీ ఉత్తరాలన్నీ కడిగీనేదు డాక్టరమ్మా. కొన్ని ఇంటికి తెచ్చినాను.”

లోపలికి తీసుకువెళ్లి అటక మీదినుంచి ఒక గోనెమూట దించాడు. అందులో, పాత చీరముక్కల్లో ఒక్కొక్కటిగా చుట్టిన పిడకలు. బాగా ఎండి, నల్లబడి, అంచులు రాలిపోతున్నాయి. ప్రతి పిడక మధ్యలో ఐదువేళ్ల అచ్చు ఉంది.

“మా ఇంటిది, పైడమ్మ. నాను ఎత్తిన పేడ తట్టలో తెచ్చి పడేస్తే, ఆవుపేడ, ఊక కలిపి గోడకి కొట్టీది. ‘ఏనుగంత జంతువు పేడ ఊరికే పారబోస్తావేటి’ అనీది. నీళ్లకాగు కిందకి ఏడాది పొడుగునా ఇవే. సుట్టుపక్కల అందరికీ కరెంటు పొయ్యిలు. దీనికి మాత్రం పిడకల పొగ తగలకపోతే తానం సేసినట్టుండదు.” నవ్వబోయి ఆగాడు. “పద్నాలుగేళ్ల కిందట వానల్లో జొరం వచ్చి పోనాది. గోడ మీద ఇవి మిగిలిపోయినాయి. ఎలా కాల్సమంటారు?”

ఆమె పోయిన నెలకే చిలక తల్లి బంగారి కూడా చనిపోయింది. అంటే ఈ పిడకల్లో ఉన్నది బంగారి పేడ. చిలక తల్లి వెనకాల తిరిగిన రోజులది; అడవిలోని పరాయి వాసన కాదు, చిలక నమ్మే వాసన.

సిగ్గులేకుండా అడిగేశాను. అంచులు మాత్రమే గీరుకుంటానని, చెయ్యి ఉన్న చోట ముట్టుకోనని మాట ఇచ్చాను. ఆయన ఒక పిడక నా చేతిలో పెట్టాడు.

అంచుల్లో ఏమీ లేదు. పద్నాలుగేళ్ల గాలికి వాసనంతా ఎగిరిపోయింది. రెండు రోజులు ప్రయత్నించాక నాకు అర్థమైంది. చెయ్యి బలంగా నొక్కిన చోట పేడ గట్టిపడి, గాలి చొరబడకుండా మూసుకుపోయింది. పైడమ్మ వేళ్ల కింద, అరచేతి కింద, అక్కడే వాసన దాగి ఉంది. దాన్ని తీయాలంటే ఆ అచ్చునే పొడి చేయాలి.

ఆ మాట కూర్మయ్యకు చెప్పాను. “ముందు అచ్చును త్రీడీలో తీసి, గీతలతో సహా అలాంటిదే చేయించి ఇస్తాను,” అన్నాను.

“అది మీ మిషను సెయ్యవుద్ది గానీ పైడమ్మదెలాగవుద్ది?” అన్నాడు కూర్మయ్య. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు అన్నాడు. ఆ సాయంత్రం మూట తెచ్చి ల్యాబు బల్ల మీద పెట్టాడు. “పది ఉన్నాయి. సిలక బతుకు నాను కడిగీసినాను గదా. తీస్కోండి.”

వారం రోజులు రోజుకొకటీ రెండూ చొప్పున పొడి చేశాను. మొదటిదాన్ని రోట్లో వేసేటప్పుడు ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. రెండోదానికి లేచి వెళ్లిపోయాడు. తెర మీద రంగులు వచ్చాయి. బంగారి వచ్చింది, దాని వయసు వచ్చింది, ఆవుపేడ కూడా అమాయకంగా మధ్యలో తలదూర్చింది. కానీ నాకు కావలసింది రాలేదు. అవన్నీ మామూలు రోజుల పేడలు. బంగారి ఎద మీద ఉన్నప్పటిది, మగ వాసన తగిలినది, ఒక్కటీ లేదు. పది పిడకలూ పోయాయి. పది చేతులూ పోయాయి. ఆ రోజు ల్యాబులో కూర్చుని ఏడ్చాను.

ఇలియాస్‌గారు కొత్త స్కానుతో వచ్చారు. గడ్డలు పెరిగాయి. “ఇంకో రెండు నెలలు. ఆపైన చిలక బొమ్మకింద లెక్క,” అన్నారు.

అప్పుడు కూర్మయ్య తలవంచుకుని ఒక మాట చెప్పాడు.

“పదకొండోది ఉంది డాక్టరమ్మా. మీకు సెప్పనేదు. పదితో సరిపోద్దనుకున్నాను. అది ఆఖర్న కొట్టింది. ఆ వారమే బంగారిని దొర దగ్గిరికి ఒదిలినాం. దొరంటే అప్పట్లో ఉన్న మగది. ఆ పేడ నానే తెచ్చినాను, బాగా గురుతు. అది నీలవేణి దగ్గిరుంది.”

నీలవేణి ఆయన కూతురు. పట్నంలో బస్సు కండక్టరు. బస్సులు వాటంతటవే నడిచే రోజులు వచ్చినా ముసలివాళ్లను చెయ్యి పట్టి ఎక్కించడానికి మనిషి కావాల్సిందే కదా. తల్లి పోయేనాటికి ఆమెకు పదేళ్లు. ఆ పిడకలో ఏటా ఒకసారి తన చెయ్యి పెట్టి చూసుకునేదట. పద్దెనిమిదో ఏట సరిగ్గా సరిపోయిందట. అప్పటినుంచి తన పెట్టెలోనే పెట్టుకుంది.

తండ్రి ఫోన్ చేసిన మర్నాడు యూనిఫారంతోనే, భుజాన సంచితో నేరుగా ల్యాబుకి వచ్చింది. ఖాళీ మూటను చూసింది. ఆ పాత చీరముక్కలను ఒక్కొక్కటే మడతపెట్టింది.

“పదీ నూరీసినావా నాన్నా?”

కూర్మయ్య తలూపాడు.

“అమ్మ ఫోటో కూడా సరిగ్గా నేదు మనకాడ. రేషన్ కార్డులోది, మొకమే కనబడదు. ఆ సేతులే గదా మిగిలినాయి. నన్నడగాలనిపించనేదా?” ఆమె నా వైపు తిరిగింది. “మీరు సెప్పండి మేడమ్. ఆ జంతువు నేకపోతే ఏటైపోద్ది?”

నేను పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. అది మేస్తేనే పెద్ద గడ్డి అణిగి జింకలకు లేతగడ్డి దొరుకుతుంది. అది పొర్లిన గుంటల్లో ఎండాకాలం నీళ్లు నిలిచి, కప్పలూ పక్షులూ బతుకుతాయి. అది తిన్న పండ్ల గింజలు పేడకుప్పల్లో మొలిచి అడవిగా ఎదుగుతాయి. అది పోతే వీటన్నిటికీ దెబ్బే. నీలవేణి ఓపిగ్గా విన్నది.

“అన్నీ బాగానే ఉన్నాయి. మా అమ్మ సెయ్యి ఎందుకివ్వాలో అందులో నేదు,” అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

“ఇవ్వొద్దమ్మా,” అన్నాడు కూర్మయ్య హఠాత్తుగా. “నీకు ఇష్టం నేకపోతే ఇవ్వొద్దు. నా తప్పుకి నీ సొత్తు అడగకూడదు. వచ్చినావు గదా, సిలకని సూసి ఎల్లు. సిన్నప్పుడు దాని మీద ఎక్కి ఆడుకున్నావు.”

ముగ్గురం కంచె వెంబడి నడిచాం. ఎండ చల్లబడుతోంది. చిలక ఎప్పటిలాగే గుంటలో, మాకు వీపు పెట్టి పడుకుని ఉంది. నీలవేణి కంచె దగ్గర నిలబడి, సంచి భుజం మార్చుకుంది.

చిలక తల ఎత్తింది.

బురద కారుతుండగా లేచి, ముక్కు గాల్లోకి చాపి, మా వైపు నడిచి వచ్చింది. కంచెకు మూతి ఆనించి గట్టిగా పీల్చింది. నీలవేణి భయపడి నాలుగడుగులు పక్కకు జరిగితే కంచె అవతల అదీ జరిగింది. ఆమె ఇంకా దూరం వెళ్లింది. అదీ వెళ్లింది. కూర్మయ్యను చూడలేదు, నన్ను చూడలేదు. దాని కళ్లకు పెద్దగా ఆనదు, కానీ నా యంత్రం పట్టలేనంత పలచని వాసననూ దాని ముక్కు పడుతుంది. అది సంచి వెంట నడుస్తోంది.

“అందులో ఉందా?” అని అడిగాను.

నీలవేణి తలాడించింది. ఇవ్వడానికి తెచ్చుకోలేదట. తను డ్యూటీలో ఉండగా తండ్రి వచ్చి పెట్టె తీస్తాడేమోనన్న భయంతో వెంట తెచ్చుకుందట. సంచి జిప్పు తీసి చీరముక్క విప్పింది.

అప్పుడు చిలక అరిచింది. అంత జంతువు గొంతులోంచి, సన్నగా, కీచు కీచుమని. ఆగి, మళ్లీ అదే అరుపు. కూర్మయ్య కంచెను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అమ్మని పిలుస్తాంది,” అన్నాడు. “ఈ అరుపు ఇని పద్నాలుగేళ్లయినాది.”

నీలవేణి పిడకను చేతుల్లో పట్టుకుని, చిలక మూతి దగ్గరకు కొంచెం జరిగింది. చిలక ఊపిరికి ఆమె చేతుల మీది చీరముక్క ఎగిరెగిరి పడుతోంది. ఆ అమ్మాయి కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“ఇందులో మా అమ్మ ఒక్కర్తే ఉందనుకున్నాను మేడమ్,” అంది. “దీని అమ్మ కూడా ఉంది.”

పిడక అచ్చులో తన చెయ్యి పెట్టింది. ఐదు వేళ్లూ సరిగ్గా కూర్చున్నాయి. కాసేపు అలాగే ఉంచి, తర్వాత తీసి నా చేతిలో పెట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా బస్సుకి వెళ్లిపోయింది.

ఆ పిడకలో అన్నీ ఉన్నాయి. బంగారి ఎద వాసన, దాని మీద దొర జవాబు, మళ్లీ బంగారి. తెర మీద రంగులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటుంటే ఇలియాస్‌గారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

ఆ రోజునుంచి ఫినాయిలు బంద్. ఆవరణలో ఒక మూల చిలక పేడను ఎత్తకుండా వదిలేశాం. ముక్కుతో దాని మీద రోజూ బంగారి కబురు రాశాను. అడవిలో మూడేళ్లలో చదివేదాన్ని నలభై రోజుల్లో చదివించాలి. ముక్కు పొట్టలో మిగిలిన పొడిని ఏం చేయమంటారని అడిగితే, కూర్మయ్య దాన్ని దోసిట్లో తీసుకుని తన చేత్తోనే ఆ కుప్పలో కలిపాడు.

మొదట్లో చిలక అక్కడ నిలబడి వాసన మాత్రం చూసేది. పదో రోజున తనదీ వేసింది. ఇరవయ్యో రోజున బబ్లూ పేడ తెచ్చి కలిపాం. చిలక బుస కొట్టి, కొమ్ముతో చిమ్మేసింది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్లీ కలిపాం. మళ్లీ చిమ్మింది, కానీ అంత దూరం కాదు. ఒక వారానికి, దాని మీదే తనదీ వేసి పోయింది. నేను ఆ రోజు క్యాంటీన్లో అందరికీ జిలేబీ పెట్టాను. పేడ పడిందని జిలేబీ పంచిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నలభై మూడో రోజున గేటు తీశాం. ఇలియాస్‌గారి చేతిలో మత్తు తుపాకీ. బబ్లూ భయంభయంగా అడుగుపెట్టి నేరుగా కుప్ప దగ్గరికి వెళ్లాడు. చిలక ఎదురొచ్చింది. తల దించింది. నేను కళ్లు మూసుకున్నాను.

“తియ్యండి డాక్టరమ్మా కళ్లు,” అన్నాడు కూర్మయ్య. “పక్కపక్కన నిలబడి వాసన సూస్తన్నాయి.”

పదహారు నెలలు మోసి చిలక ఆడపిల్లను కన్నది. ముప్పై ఐదోది. మా పద్ధతి విని మిగతా మూడు ఆడవీ ఉన్న కేంద్రాలవాళ్లూ పేడ ఎత్తడం మానేశారు. వాళ్ల దగ్గర పిడకలు లేవు. చిలక కుప్ప నుంచి తీసిన కబురునే వాళ్లకు పంపిస్తున్నాం. బంగారిది, చిలకది, అందులో ఏ మూలో పైడమ్మ కలిపిన ఊకది కూడా.

పిల్లను చూడడానికి నీలవేణి సెలవు పెట్టి వచ్చింది. కూర్మయ్య రిటైరయ్యాడు గానీ క్వార్టరు వదల్లేదు. ఇప్పుడు ఆయన పని కుప్పకు కాపలా. పరీక్షకని నేను చెంచాడు తీసుకోబోయినా ఊరుకోడు. “ఒకరి ఉత్తరాలు ఇంకొకరు తియ్యకూడదు,” అంటాడు, నా మాట నాకే అప్పజెప్పి.

చిలకనూ పిల్లనూ అవతలి ఆవరణలోకి తోలాక నీలవేణి కుప్ప దగ్గరికి వెళ్లింది. పైన తాజాగా ఉన్నచోట తన చెయ్యి గట్టిగా నొక్కింది. పైడమ్మ పిడకలు ఎలా కొట్టేదో అలాగే, ఐదు వేళ్లూ విడదీసి. తల్లీపిల్లలను మళ్లీ ఇవతలికి వదిలాం. పిల్ల తల్లి కంటే ముందే పరిగెత్తుకుంటూ వచ్చి, వాసన చూసి, కుప్పెక్కి తొక్కింది. అది దిగాక చూస్తే, ఐదు వేళ్ల అచ్చు మీద మూడు వేళ్ల కాలి అచ్చు.

నేను ఫోన్ తీసి ఫోటో పట్టబోయాను. కొండ మీద మబ్బు కమ్ముకొస్తోంది.

“అయ్యో, వాన పడితే చెరిగిపోతుందే,” అన్నాను. “పైన ఏదైనా కప్పుదామా?”

కూర్మయ్య కూతురి వైపు చూశాడు. నీలవేణి చెయ్యి కడుక్కోకుండా అలాగే నిలబడి పిల్లను చూస్తోంది. అది తల్లి కనబడక కీచు కీచుమని అరుస్తోంది.

“పోనీండి మేడమ్,” అంది నీలవేణి. “రేపు మళ్లీ ఏస్తాది గదా.”